మా అవ్వ బండికి అడ్డం కూసున్న పొద్దు

నా చిన్నప్పుడు మా ఇంటికొచ్చిన మొదటి మోటరు బండి కొత్తది కాదు. పిట్లం దిక్కు ఒకాయన కొన్నేండ్లు నడిపి అమ్మిన ట్రాలీ. ముందట ముగ్గురు ఇరుక్కొని కూసునే క్యాబిన్, వెనుక సామాను వేసే డబ్బా. మాది ఎల్లారెడ్డి పక్కన పల్లె. చెరుకు పండించి బెల్లం వండెటోళ్లం. ఆ బెల్లం కామారెడ్డికి చేర్చాలంటే అప్పటిదాంక కిరాయి బండ్లోళ్లను బతిమాలుకునుడే ఉండె. అందుకని మా బాపు సొంత బండి కొన్నడు. ఏం చూసి కొన్నడయ్యా అంటే, రంగు చూసి కొన్నడు. అమ్మినాయన దానికి నీలం రంగు కొట్టిచ్చి, అద్దానికి కుచ్చులు కట్టి పెట్టిండు. మా బాపు బండి చుట్టూ ఒక్కసారి తిరిగి, హారన్ కొట్టి చూసి, బేరం కుదుర్చుకున్నడట. ఇప్పుడు తలుచుకుంటే కోపం వస్తది, నవ్వూ వస్తది.

బండి వచ్చిన తెల్లారే ప్రయాణం పెట్టిండు. మా చిన్నబాపుకు చాలా ఏండ్లకు కొడుకు పుట్టిండు. ఆ పసిపిల్లగానికి పుట్టువెంట్రుకలు తీయించే మొక్కు ఉండె, పోచారం అడవి దాటినంక ఉన్న అమ్మవారి దగ్గర. గాంధారి నుంచి మా చిన్నమ్మ తల్లిగారోళ్లు దిగిండ్రు. మేక సిద్ధం, వంట గిన్నెలు సిద్ధం. ఆడోళ్లు, పిల్లలు, ముసలోళ్లు అందరం ఆ ట్రాలీలనే పోవాలె. ఆ తొవ్వల ఒక కాడ రోడ్డు మలుపులు తిరుక్కుంట కిందికి దిగుతది, పక్కన లోతు.

ముందు రోజు సాయంత్రం బండికి పూజ చేసిండ్రు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టిండ్రు, పసుపు కుంకుమ బొట్లు పెట్టిండ్రు, బంతిపూల దండ వేసిండ్రు. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు చక్రాల మీద చల్లిండ్రు. ఇగ బండికి చేయవలసినదంతా చేసినట్టేనని మా బాపు అనుకున్నడు.

మా అవ్వ, అంటే మా బాపును కన్నతల్లి, ఆ పూజల నిలబడ్డది గానీ ఆమె మనసు నిమ్మళంగ లేదు. ఆమెకు బండ్ల సంగతి ఏమీ తెల్వదు. తెలిసిందల్లా ఎడ్లు. అంగడిల కొన్న ఎద్దును మా ఇంట్ల ఎన్నడూ వచ్చిన రోజే బండికి కట్టకపోయేది. ముందు వేరే గుంజకు కట్టేసి, మేత తింటుందా, నెమరు వేస్తుందా, నీళ్లు ఎట్ల తాగుతుంది, పేడ ఎట్ల వేస్తుంది అని చూస్తుండె. డెక్కలు ఎత్తి చూసి నాడాలు కొట్టిచ్చేటిది. అటెనుక ఒక దుంగ కట్టి ఇంటి వెనుక బీడుల తిప్పిచ్చేటిది. అమ్మెటోడు దాని కుంటును దాచిపెట్టి అమ్ముతడు, కొన్నోళ్లే దాన్ని కనిపెట్టాలె అని ఆమె మాట. మరి ఇంతమందిని మోసే బండిని కొనుక్కొచ్చిన తెల్లారే కడుతున్నరేందని ఆమె రాత్రి అన్నం తినుకుంట అన్నది. అందరూ నవ్విండ్రు. నేను సుత నవ్విన.

పొద్దుగాల అందరికంటే ముందు నేనే ఉరికి క్యాబిన్‌ల కిటికీ పక్కన కూసున్న. అవ్వ చక్రాల కింద నిమ్మకాయలు సక్కగ ఉన్నయా అని చూడనీకి వంగింది. వెనుక చక్రం లోపలి దిక్కు నేల తడిగ ఉన్నది. మా బాపు చూసి, రాత్రి కొట్టిన కొబ్బరినీళ్లేనే అవ్వా, నడువు నడువు అన్నడు. అవ్వ వేలు పెట్టి చూసింది. రుద్దింది, వాసన చూసింది.

“కొబ్బరినీళ్లయితే రాత్రికే ఎండిపోకపోవునారా? గిది ఇంక జిడ్డు జిడ్డుగనే ఉన్నది.”

పాత బండన్నంక నూనె కారదా అని బాపు గొంతు పెంచిండు. ముహూర్తం దాటిపోతుందని అందరినీ తొందర పెడుతుండు. పిల్లలు ఎక్కుతున్నరు, మేకను ఎక్కిస్తున్నరు. అంతల మా అవ్వ వచ్చి నా జబ్బ పట్టి కిందికి గుంజింది. మోకాలు గీరుకపోయి నేను లబోదిబోమన్న. ఆమె నా దిక్కు సుత చూడలె. చీర కొంగు నడుముల చెక్కుకొని, పోయి బండి ముందట కాళ్లు చాపుకొని కూసున్నది.

అప్పటి ఆ వాకిలి నాకు ఇప్పటికీ కండ్ల ముందట ఉన్నది. ఇంజన్ చాలు అయి గడగడమంటున్నది. బాపు మొఖం ఎర్రగయింది. చుట్టాల ముందట ఇజ్జత్ పాయెనని ఆయన బాధ. చిన్నబాపు బతిమిలాడిండు, లేవలేదు. ఆఖరికి మా చిన్నమ్మ తల్లి అననే అన్నది.

“మా బిడ్డ కొడుకు మొక్కంటేనే గిట్ల అడ్డం పడాల్నా వదినే?”

ఆ మాటకు అవ్వ పెదిమలు అదిరినయి. మనుమడంటే ఆమెకు పానం. ఏడుస్తదనుకున్న. ఏడువలేదు. కొడుకు దిక్కు చూసి, ఒట్టి బండిని బీడుల తిప్పుకరా, నా కండ్ల ముందట ఆపి చూపియ్యి, మంచిగ ఆగిందంటే అందరికంటే ముందు నేనే ఎక్కుత అన్నది. లేకపోతే నా మీదికెల్లి తీసుకపో అన్నది.

బాపు పండ్లు కొరుక్కుంట అందరినీ దించిండు. మా ఇంటి వెనుక బీడు కొంచెం వాలుగ ఉంటది, కింద గడ్డివాము. కోపం మీద జోరుగ పోనిచ్చి బ్రేకు తొక్కిండు. ఆగింది. చుట్టాలు అవ్వ దిక్కు చూసిండ్రు. తిప్పుకొచ్చి మళ్లొకసారి తొక్కిండు. ఆగింది గానీ అనుకున్న కాడ ఆగలేదు, అంత దూరం జారి ఆగింది. ఇంకోసారి పైకి తెచ్చి కిందికి పోనిచ్చిండు. ఈసారి బండి ఆగలేదు. బాపు కాలు లోపల టపటప కొడుతున్నట్టు కిటికీల నుంచి ఆయన భుజం ఊగుడు కనబడుతుంది, బండి మాత్రం పోతనే ఉన్నది. మా అమ్మ కెవ్వున అరిచింది. పోయి పోయి గడ్డివాముల సగం దాంక దూరి ఆగింది.

తలంత గడ్డితోని బాపు దిగిండు. దెబ్బ ఏం తగలలే. నడుచుకుంట వచ్చి అవ్వ ముందట నిలబడ్డడు. నీకు ముందే చెప్పలేదారా అని ఆమె అంటదనుకున్న. ఆమె అట్లాంటిది ఏమీ అనలేదు. ఆయన తలల గడ్డి ఏరుకుంట, దెబ్బలేమన్న తాకినయారా బిడ్డా అని అడిగింది. గడ్డంత పోయినంక సుత ఆయన తల విడువలేదు, తడుముతనే ఉన్నది. అప్పుడు తెలిసింది నాకు, ఆమె సుత మా లెక్కనే భయపడ్డదని.

ఎల్లారెడ్డి నుంచి మెకానిక్ వచ్చి చక్రం ఇప్పితే లోపలంత తడి. బ్రేకు రబ్బరు పగిలి, ఆయిలంతా కారిపోయింది. ఇగ అదొక్కటే బాగు చేస్తే చాలదని మా బాపే అన్నడు. ఇంజన్ ఆయిల్ తారులెక్క నల్లగ అయిందని మార్పిచ్చిండు. ఫ్యాన్ బెల్టు పీలికలై ఉంటే కొత్తది వేయించిండు. టైర్లు, లైట్లు, రేడియేటర్ల నీళ్లు, గ్రీసు, ఒక్కొక్కటి దగ్గర నిలబడి చూపిచ్చుకున్నడు.

మొక్కు మళ్ల వారం తీర్చుకున్నం. అడవి తొవ్వల ఆ దిగుడు కాడ, మలుపు తిరగంగనే రోడ్డుకడ్డంగ గొర్లమంద. బాపు బ్రేకు తొక్కిండు. బండి నిలబడ్డది. అంతే. గొర్లు దాటినయి. మా చిన్నమ్మ తల్లి, అబ్బా, నడుము పట్టేసింది, జర మెల్లగ నడపరాదా అని గొణిగి మళ్ల ముచ్చట్లల్ల పడ్డది. పక్కన లోయ దిక్కు ఎవ్వరూ చూడలె. అవ్వ ఒక్కతే పిల్లగాన్ని ఒడిలకు అదుముకొని కండ్లు మూసుకున్నది. క్యాబిన్ వెనుక అద్దంల నుంచి బాపు తిరిగి ఆమె దిక్కు చూసిండు. ఆ చూపు నేను చూసిన.

అవ్వకు ఆ రోజు ఎవ్వరూ దండం పెట్టలె, పెట్టరు సుత. ఏమన్నా అయితే కదా, ఆపినోళ్లు యాదికొచ్చేది. ఆడపిల్లనని నాకు ఎవ్వరూ బండి నేర్పలేదు గానీ, ఆ చూపు మాత్రం నేను మరువలె. ఇప్పుడు మా ఇంట్ల ఎవరు పాత బండి కొన్నా, అది కారుగానీ, ట్రాక్టరుగానీ, మెకానిక్ చూడకముందు దాంట్ల ఒక్క పిల్లనూ ఎక్కనియ్య. ముసల్ది మొదలుపెట్టిందిరా అని నా మనుమలు నా ముందటనే నవ్వుతరు. నవ్వనీ. గట్ల నవ్వుకుంటనే పోతరు, పొద్దుగూకే యాళ్లకు గట్ల నవ్వుకుంటనే ఇంటికొస్తరు.