రాతి అరుగు మీద ఆ మధ్యాహ్నం

దయ్యాల మాటెత్తితే నవ్వేదాన్ని నేను. కాకినాడలో ఆరేళ్లు నర్సుగా చేశాను. శవాల గది పక్కనే కూర్చుని క్యారేజీ విప్పుకుని తిన్నదాన్ని. ఇది చెబితే నన్ను చూసి నవ్వుతారని ఆ రోజు నాతో ఉన్న ఇద్దరికి తప్ప ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

తొంభయ్యో సంవత్సరం, జూలై. ఇక్కడ అది చలికాలం. మేము బ్రిస్బేన్ వచ్చి ఎనిమిది నెలలు. నా నర్సింగ్ చదువు ఇక్కడ చెల్లలేదు. వృద్ధుల హోమ్‌లో నేలలు తుడిచే పని దొరికింది. పాదాలు వాచిపోయేవి, మడమలు పగిలి నెత్తురు వచ్చేది. వెనక్కి వెళ్లిపోతానన్నాను. మావారు ప్రభాకర్ ఉందామన్నారు. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి.

ఆ శనివారం, మా చర్చిలో పరిచయమైన రత్నం ఆంటీ తను బాగోగులు చూసుకునే ఒక పాత కట్టడం దగ్గరికి మమ్మల్ని తీసుకెళ్లారు. ఊరికి ఉత్తరాన, యూకలిప్టస్ చెట్ల మధ్య. ఇంగ్లండులో ఎప్పుడో పడగొట్టిన క్రైస్తవ సన్యాసుల మఠం రాళ్లు ఓడలో తెచ్చి అక్కడ నిలబెట్టారు. ఆ మఠంలో బాటసారులు బస చేసే అతిథిశాలట అది. మిగిలింది మూడు గోడలు, ముందు ఒక కమాను ద్వారం, గోడ వెంట రాతి అరుగు. పైకప్పు లేదు.

ప్రభాకర్, ఆంటీ ద్వారం దగ్గర నిలబడి మాట్లాడుకుంటున్నారు. నేను లోపల అరుగు మీద కూర్చున్నాను. ఎండ మొహాన పడుతోంది. కళ్లు మూతలు పడ్డాయి.

నిద్ర కాదు. ఆంటీ గొంతు వినబడుతూనే ఉంది. ఎక్కడో రొట్టె కాలుతున్న వాసన. ఎవరో నా ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. బూట్ల లేసులు విప్పారు. ఇంటికొచ్చిన మనిషికి కాళ్లకు నీళ్లిచ్చినట్టు, నెమ్మదిగా నీళ్లు పోశారు. కాయలు కాచిన చెయ్యి నా మడమ నిమిరింది. భయం లేదు. మొహం చూడాలనిపించింది, రెప్పలు లేవలేదు.

కళ్లు తెరిచేసరికి బూట్లు, మేజోళ్లు పక్కన పెట్టి ఉన్నాయి. పాదాలు తడిగా ఉన్నాయి. కింద రాయి తడిసి నల్లబడింది.

ప్రభాకర్ లోపలికొచ్చి చూశారు. “కాళ్లెక్కడ కడుక్కున్నావ్? ఇక్కడ ట్యాప్ లేదుగా.”

లోపలికి ఎవరొచ్చారని అడిగాను. ఎవరూ రాలేదన్నారు; ఇద్దరూ ద్వారంలోనే ఉన్నారట.

ఆయన జేబురుమాలు తీసి, కింద కూర్చుని నా పాదాలు తుడవడం మొదలుపెట్టారు. మడమల దగ్గర చెయ్యి ఆగింది.

“ఇంతగా పగిలాయని చెప్పలేదేం?”

నాకు ఏడుపొచ్చింది. ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆయన ముందు ఏడ్చాను.

తిరుగు దారిలో కార్లో ఆంటీకి జరిగింది చెప్పాను. ఆవిడ అన్నారు: “ఆ మాంక్స్ అంతేనమ్మా. గెస్ట్ ఎవరొచ్చినా ముందు కాళ్లు కడిగేవాళ్లంట. నేను మీకింకా ఆ మాట చెప్పనే లేదు.”

మేము ఉండిపోయాం. మరుసటి ఏడు ఇక్కడి పరీక్ష పాసై మళ్లీ నర్సునయ్యాను.

బూట్లు నిద్రలో నేనే విప్పుకున్నానని ప్రభాకర్ అంటారు. కావచ్చు. ఆ నీళ్లెక్కడివంటే మాత్రం మాట మార్చేస్తారు. ఆ రోజు చలిగాలి కోసేస్తోంది, రాయి మంచులా ఉంది. తుడుస్తున్నప్పుడు ఆయన చేతికీ తెలిసింది, ఆ తడి ఇంకా వెచ్చగానే ఉంది.