ఇంటి భాషలో చెప్పిన తాత్పర్యం

రెండు వారాల కిందట ఒక ఆదివారం పొద్దున మా తెలుగు సారు పోయారు. నేను అప్పుడే మడిగె తాళం తీసి షట్టరు సగం ఎత్తాను. మక్తల్‌లో సారు ఇంటి ముందరి గదే నా టైలరింగ్ మడిగె. నా కుట్టుమిషనుకూ వాళ్ళ నట్టింటికీ మధ్య ఒక్క తలుపే అడ్డం. ఆ తలుపు అవతలి నుంచి అమ్మ, అంటే సారు భార్య, "బిడ్డా, జర ఇట్ల రా" అని పిలిచింది. గొంతులో ఏడుపు లేదు. అందుకే నాకు అర్థమైంది.

చదివేవాళ్ళు నన్ను ఏమనుకున్నా సరే, ఉన్నది ఉన్నట్టు చెప్తాను. సారు ముఖం చూడగానే నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు. 'ఇక ఈయన ఎవరికీ చెప్పలేడు' అన్న నిమ్మళం. ఆ వెనకే, అట్లా అనుకున్నందుకు సిగ్గు. రెండేళ్ళుగా ఆ మనిషి నోట్లోంచి ఏ మాట వస్తుందోనని నేను భయపడుతూ బతికాను. ఎందుకో చెప్పాలంటే ముందు మా ఆట గురించి చెప్పాలి.

బడిలో సారు మాకు ఎనిమిది నుంచి పది దాకా తెలుగు చెప్పారు. మా ఇంట్లో ఉర్దూ. తెలుగు నాకు బజారులో బేరమాడే భాషగానే తెలుసు. పద్యం చదవడం, ప్రతిపదార్థం చెప్పడం, చివర తాత్పర్యం రాయించడం అందరు సార్లూ చేసేదే. మా సారు శనివారం చివరి పీరియడ్‌లో దాన్ని తలకిందులు చేసేవారు. తాత్పర్యం ఆయన చెప్తారు, అది ఏ పాటదో మేము చెప్పాలి. పద్యాలు కావు. ఆటోల్లో, పెళ్ళి బరాతుల్లో మోగే పాటలు. పాట మొదటి లైనులో ఉన్న మాట ఒక్కటి కూడా తాత్పర్యంలో రాకూడదు. మాటలన్నీ గ్రాంథికంలోనే ఉండాలి. మూడు తప్పులైతే మేము ఓడినట్టు.

"వాయుపూరిత పానీయ పాత్ర వలె హసింపకుము, బాలికా!" అని సారు ముఖం గంభీరంగా పెట్టి చెప్పేవారు. క్లాసంతా కిక్కురుమనేది కాదు. ఎవరో ఒకరికి వెలిగేది. "సోడబుడ్డి లెక్క నవ్వకే పిల్లా!" అని అరిచేసరికి బెంచీలు కదిలిపోయేవి. ఇంకోసారి "ద్విదళ ధాన్య క్షేత్రము పవనుని నిమిత్తమై పాదాభరణమును ధరించినది" అన్నారు. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. మా అమ్మ కందిపప్పు ఏరుతుంటే తట్టింది. "కందిచేను గాలికి గజ్జె కట్టింది." సోమవారం పరుగెత్తుకుంటూ పోయి చెప్పాను. సారు నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "ఇగ నీకు తెలుగు ఒచ్చినట్టే" అన్నారు. ఆ రోజు నుంచి తెలుగు నాది కూడా అనుకున్నాను.

ఆయన ఇంకొక మాట ఎప్పుడూ అనేవారు. "అర్థం గాకపోవుడు తప్పు గాదు. అర్థమైనట్టు తలకాయ ఊపుడు తప్పు." నేను చాలా ఊపేదాన్ని. నేను పుట్టు పిరికిదాన్ని. బల్లికి భయం, ఫోను మోగితే భయం, పెద్దవాళ్ళు పిలిస్తే భయం. ఏదడిగినా అవునని తలూపితే గండం గడుస్తుందని నా నమ్మకం. సారు అది పట్టేసేవారు. "ఏది, చెప్పు మరి" అని నిలబెట్టేవారు.

పది తర్వాత నా చదువు ఆగింది. కుట్టు నేర్చుకున్నాను. రాష్ట్రం వచ్చిన యేడు సారే కబురు పంపి ముందరి గది నాకు ఇచ్చారు. అప్పటికి ఆయన రిటైరయ్యారు. చెప్పడానికి క్లాసు లేదు, నేను ఉన్నాను. రోజూ పదకొండింటికి చేతిలో చాయ్ గ్లాసుతో తలుపు తీసుకుని వచ్చి, గడప పక్కన కుర్చీలో కూర్చుని తాత్పర్యం విసిరేవారు. నేను రవికె కుడుతూ వెతుక్కునేదాన్ని. అమ్మ వంటింట్లోంచి వింటూ, నేను మూడుసార్లు తప్పితే తన జవాబు కేకేసేది. చాలాసార్లు ఆమెదే సరైనది. రవికెలు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా నిలబడి ఆలోచించేవారు. ఇన్నేళ్ళలో నేను భయం లేకుండా గడిపిన గంట ఏదైనా ఉంటే అదే.

రెండేళ్ళ కిందట, శ్రావణం పెళ్ళిళ్ళ పని నెత్తి మీద ఉన్న రోజుల్లో, సారు ఎప్పటిలాగే చాయ్ గ్లాసుతో తలుపు తీసుకుని వచ్చారు. కూర్చోలేదు. తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డారు.

"బిడ్డా, గీ చెయ్యి నాది గాదు" అన్నారు. "ఎవరిదో తెచ్చి నాకు తగిలిచ్చినట్టున్నది."

నేను తలెత్తకుండానే నవ్వాను. "ఇయ్యాల ప్రేమపాట ఇచ్చిన్రా సారూ?"

"పాట గాదు."

ఆ మాటను కూడా నేను ఆటలో కలిపేసుకున్నాను. ఏదో కొత్త మెలిక పెడుతున్నారనుకున్నాను. "చెయ్యి నువ్వడిగినంక నాదెట్లయితది, అదేనా?" అన్నాను. "గాదు" అన్నారు. "గాజుల చెయ్యి ఎవరిదో చెప్పరాదు?" "గాదు బిడ్డా, గాదు." ఆ గాదు కొంచెం ముద్దగా వినిపించింది. నోట్లో చాయ్ ఉందేమో అనుకున్నాను. మెల్లగా కుర్చీలో కూర్చున్నారు. మూడోది కూడా చెప్పాను. జవాబు రాలేదు. "ఓడిపోయిన సారూ, మీరే చెప్పున్రి. ఆగున్రి, గీ చెయ్యి అయిపోనియ్యున్రి, మీరు చెప్పేది ఇంట" అన్నాను. నేనన్నది రవికె చెయ్యి. రెండు చేతులూ కుట్టాను. మెడకు పట్టీ వేశాను. ముప్పావు గంట అయి ఉంటుంది. మధ్యలో ఒకటి రెండుసార్లు "కష్టమైంది ఇచ్చిన్రు సారూ" అని కూడా అన్నట్టు గుర్తు. గ్లాసు కింద పడ్డ చప్పుడుకు తలెత్తాను. సారు పెదవి ఒక పక్కకు జారి ఉంది. చాయ్ చొక్కా మీదుగా కారుతోంది. కళ్ళు నా మీదే ఉన్నాయి.

తాత్పర్యం ఎప్పుడూ గ్రాంథికంలో వచ్చేది. ఆ రోజు మాట ఇంటి భాషలో వచ్చింది. బడిలో మూడేళ్ళు, మడిగెలో పదేళ్ళు ఆ ఆట ఆడినదాన్ని. నాకు తెలియడానికి ఆ ఒక్క తేడా చాలు. నాకు తట్టలేదు.

నా కేకకు అమ్మ వచ్చింది. పక్కింటివాళ్ళ కారులో మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయాం. వానకు తెగిన రోడ్డు చుట్టు తిరిగి చేరేసరికి మూడు దాటింది. దారి పొడుగునా సారు తల నా భుజం మీద. నాకు వచ్చిన దువాలన్నీ చదివాను. అక్కడ డాక్టరు మొదట అడిగింది ఒకటే. "ఎప్పుడు మొదలైంది? టైం కరెక్టుగ చెప్పున్రి. దాన్ని బట్టే మందు."

అమ్మ నా వైపు చూసింది. "గిప్పుడే సార్. చూడంగనే బయలెల్లినం" అన్నాను. అమ్మ ఏమీ అనలేదు.

డాక్టరు స్కాను చూసి వచ్చి, ఇది ఇప్పటిది కాదే అన్నట్టు నా ముఖంలోకి చూశాడు. నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాల్సిన, నెత్తురు గడ్డ కరిగించే సూది ఇవ్వలేదు. తప్పు టైం నమ్మి అది ఇస్తే ప్రాణానికే ప్రమాదమని తర్వాత మా ఊరి నర్సమ్మ ఒకామె చెప్పింది, రవికె కొలతలు ఇస్తూ, మామూలు ముచ్చటగా. ముందు ఆలస్యం చేశాను, తర్వాత అబద్ధంతో చంపేయబోయాను. ఇది ఎవరికీ చెప్పలేదు.

సారు బతికారు. కుడి చెయ్యి పోయింది. మాట వచ్చింది గాని పేర్లు పోయాయి. ఏ వస్తువు పేరూ నోటికి అందేది కాదు, చుట్టూ తిరిగి చెప్పేవారు. నీళ్ళు కావాలంటే "మీదికెల్లి పడేది... తాగుతరు..." అనేవారు. కళ్ళద్దాలంటే "ముక్కు మీద కూసునేది." చూడవచ్చినవాళ్ళు "సారు ఆట మరువలే" అని ముచ్చటపడేవారు. కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వేవారు. నేను మాత్రం నవ్వలేకపోయేదాన్ని. ఇంతకు ముందు సరదాకు చేసింది ఇప్పుడు ఆయన గత్యంతరం లేక చేస్తున్నారు. మేము సరిగ్గా కనుక్కుంటేనే ఆయనకు నీళ్ళు, మందు, దుప్పటి.

నేను బాగా కనుక్కునేదాన్ని. నా భయమూ అదే. ఒకరోజు ఆయన ఆ సంగతి మొదలుపెడితే, అందరికంటే ముందు అర్థమయ్యేది నాకే.

ఆ రోజు రానే వచ్చింది. పోయిన ఎండాకాలం, మధ్యాహ్నం. అమ్మ సారుకు జొన్నరొట్టె పాలలో నానబెట్టి తినిపిస్తోంది. నేను పక్కనే కూర్చుని గుండీలు కుడుతున్నాను. సారు ఉన్నట్టుండి ఎడమ చేత్తో గడప చూపించారు. "ఆడ... నిలవడ్డ. చెప్పిన. నవ్విన్రు" అన్నారు. వేలు నా వైపు తిప్పారు. తర్వాత వంటింటి వైపు తిప్పారు. మళ్ళీ నా వైపు. "చెప్పిన... నవ్విన్రు."

తాత్పర్యం నాకు తెలుసు, అక్షరం పొల్లు పోకుండా తెలుసు. అయినా గొంతు పెంచి, "నీళ్ళమ్మా! సారుకు వంటింట్లకెల్లి నీళ్ళు గావాలె" అన్నాను. తెలిసి తెలిసి తప్పు జవాబు చెప్పాను. అమ్మ గిన్నె అక్కడే పెట్టి గబగబా లేచి వంటింట్లోకి పోయింది. హమ్మయ్య, ఆమెకు అర్థం కాలేదు అనుకున్నాను. సారు నన్ను చాలాసేపు చూశారు. తలూపి గండం గడుపుకున్న పిల్లను నిలబెట్టడానికి ఆయన దగ్గర ఇప్పుడు మాట లేదు. నీళ్ళు తెస్తే తాగారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అప్పటి నుంచి పోయేదాకా నేను ఆయన దగ్గర ఒక్కదాన్నే కూర్చోలేదు. ఎవరైనా ఉంటేనే లోపలికి వెళ్ళేదాన్ని. పాఠం చెప్పి, నీడ ఇచ్చిన మనిషికి నేను చేసిన సేవ ఇది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది. చివరి నెలల్లో ఆయన నాతో ఏం చెప్పాలనుకున్నారో నేను వినలేదు. తిట్టేవారో, పోనీలే బిడ్డా అనేవారో.

పదకొండో దినం అయిపోయిన మర్నాడు అమ్మ సారు బట్టలన్నీ ఉతికి పెరట్లో తీగ మీద ఆరేసింది. ఎవరికైనా ఇచ్చేద్దామని. ఆరేశాక వచ్చి నట్టింట్లో గోడకు ఆనుకుని కూర్చుంది. ఇంట్లో మేమిద్దరమే. ఇక బయటపడుతుందన్న భయం లేదు, చెప్పే మనిషే పోయారు. అయినా అప్పుడే నాకు దాచుకోవడం చేతకాలేదు. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పేశాను.

"అమ్మా, ఆ దినం సారు పానం బాగలేదని చెప్తే నేను ఆట అనుకున్న. ముప్పావు గంట కుర్చీల కూసోబెట్టి రవికె కుట్టుకున్న. డాక్టరుకు అబద్ధం చెప్పిన. సారు మాట నా వల్లనే పోయింది."

అమ్మ నన్ను కొట్టినా బాగుండును.

"నేను వంటింట్లనే ఉన్న గద బిడ్డా" అంది. "ఇన్న."

"ఏం ఇన్నవమ్మా?"

"చెయ్యి నాది గాదన్నది ఇన్న. పాట గాదన్నది గూడ ఇన్న. ఎప్పుడు పుస్తకం భాషల చెప్పేటాయన ఇంటి భాషల చెప్తుండు, పోరికి ఇయ్యాల అల్కటిది, జల్ది దొరికేది ఇచ్చిండు అనుకున్న. నాకు పాట గూడ దొరికింది. నువ్వు ఓడిపోంగనే లేచొచ్చి ఆయన ముందల్నే చెప్దామని రొట్టెలు కొట్టుకుంట కూసున్న. నువ్వు ఓడిపోయిన అంటివి. రొట్టె మాడుతదని నేను లేవకపోతి."

అమ్మ ఆపలేదు.

"డాక్టరు అడిగితే నువ్వు గిప్పుడే అంటివి. నేనెందుకు కాదనలే అనుకున్నవ్? మొన్న ఎండకాలం మీ సారు ఏలు వెట్టి సూపిచ్చినప్పుడు, నీళ్ళని నేను ఎందుకు ఉరికిన అనుకున్నవ్? నేను ఇన్నట్టు నీకు తెల్వొద్దని బిడ్డా. రెండేండ్ల సంది నీ మొకం చూడనీకి నాకు భయమాయె."

సారు వేలు వంటింటి వైపు ఎందుకు తిరిగిందో అప్పుడు తెలిసింది. ఒక్క తలుపుకు ఈ పక్క నేను, ఆ పక్క ఆమె. ఆయన ఇద్దరికీ చెప్పారు. ఇద్దరం పాట వెతుక్కున్నాం. తర్వాత రెండేళ్ళు ఒకరికొకరం భయపడి, ఆయనను మధ్యలో ఒంటరిగా వదిలేశాం.

"ఏ పాట దొరికిందమ్మా నీకు?" అని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు.

"మా పెండ్లినాటిది. ఇచ్చిన చెయ్యి ఎనకకు తీసుకోను, అని" అంది అమ్మ. మళ్ళీ తనే, "ఆయన నోట చెయ్యి అన్న మాట వొచ్చింది గద. పాటల ఉన్న మాట ఆయన చెప్పడు గద, ఇగ ఆ పాట ఎట్లయితది? గంత గూడ సోంచాయించలే" అంది.

పెరట్లో రేకుల మీద టపటపమని చినుకులు మొదలయ్యాయి. చూస్తుండగానే వాన పెద్దదైంది. తీగ మీద సారు తెల్ల చొక్కాలు, ధోవతులు మళ్ళీ తడుస్తున్నాయి. ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం లేవలేదు.