మేకు కొట్టని నెలలు

కాడుగోడిలో మా అత్తగారింట్లో పడమటి గదికి ఒకటే కిటికీ. నేను కాపురానికి వచ్చినప్పుడు ఆ గదే మాకిచ్చారు. మధ్యాహ్నం మూడు దాటిందంటే ఎండ నేరుగా మంచం మీదికి వచ్చేది. దీపాలు పెట్టే వేళకు కూడా గోడ మీద చెయ్యి ఆనిస్తే వేడి తగిలేది. ఉత్తరం వైపు వంటింట్లో మాత్రం రోజంతా మెత్తని వెలుతురు. తూర్పు గదిలో పొద్దుటి ఎండ కాసేపు పలకరించి పోయేది. దక్షిణం యముడి దిక్కని అటువైపు అసలు కిటికీయే పెట్టలేదు. అందుకని పడమటి గదిలోకి వచ్చిన వేడికి బయటికి పోయే దారి ఉండేది కాదు.

నాకు ఐదో నెల వచ్చేసరికి ఎండాకాలం ముదిరింది. మా అమ్మ లేదు కాబట్టి పురుడు అత్తగారింట్లోనే అనుకున్నాం. ఆ రోజుల్లోనే కిటికీ రెక్క మూతపడడం మానేసింది. పొద్దున్నే లేచి చూస్తే దుప్పటి మీద సన్నటి మట్టి. దులిపితే మర్నాడు మళ్ళీ అంతే ఉండేది. మొదట్లో నాకు భయం కాదు, విసుగు. నా పోరు పడలేక మా ఆయన వడ్రంగిని పిలుచుకొచ్చారు.

ఆ పెద్దాయన స్క్రూడ్రైవరు తీసి కిటికీ చట్రం అడుగున నొక్కాడు. అది పిడిదాకా దిగింది, చప్పుడు కూడా కాలేదు. బయటికి లాగి, ఒకసారి నా కడుపు వైపు చూసి, మా ఆయనతో అన్నాడు.

"లోపల కట్టె లేదప్పా. పెయింటు మీద నిలబడి ఉండాది."

"రిపేరీ చేసేదానికి కాదా?" అని మా ఆయన.

"రెక్క బిగుసుకుంటే చిత్రిక పడతాం, కీలు పోతే కీలు మారుస్తాం. చట్రమే మెత్తబడినాక ఇంకేముండాది? పడమర కిటికీకి ఎండా ఎక్కువే, వానా ఎక్కువే. ఎండకి కట్టె పగులుతాది, పగుల్లో నీళ్ళు పోతాయి, ఆమీట చెదలు. వానలకి ముందే పీకేసి కొత్తది పెట్టండప్పా."

మా అత్త బియ్యం చేట పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఇంట్లో కడుపుతో ఉండే మనిషి ఉండాది. గోడకి మేకు కూడా కొట్టకూడదు. పురుడు కానీ, అప్పుడు చూద్దాం."

పెద్దాయన సామాను సంచిలో వేసుకున్నాడు. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే. ఆ కట్టె లోపల ఏముందో కళ్ళారా చూసిన మనిషి కూడా ఆ మాటకు తల వంచాడు.

నా నోరు ఊరుకోదు. "అది మీద పడితే కడుపుకు మంచిదా అత్తా?" అన్నాను. ఆమెకు కోపం రాలేదు. ఆ సాయంత్రమే తన చాప, దిండు పడమటి గదిలో వేసుకుని, మా మంచం తూర్పు గదికి మార్పించింది. అదంతా పంతమే అనుకున్నాను నేను. మా ఆయన పరిస్థితి కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఫోను చూసుకుంటూ కూర్చునేవారు.

మేకు కొట్టకూడదు గానీ కట్టుకోవచ్చు కదా, పాత చీర ఒకటి చింపి కిటికీ ఊచలకు చుట్టి బీరువా కాలికి కట్టింది మా అత్త. మట్టి నా కంటబడకుండా నేను లేవకముందే ఊడ్చేసేది. ఆమె సంతకు పోయినప్పుడు నేను లోపలికి వెళ్ళి చట్రానికీ గోడకూ మధ్య సందులో వేలు పెట్టి చూసేదాన్ని. మొదట ఒక వేలు పట్టేది. ఏడో నెలకు రెండు వేళ్ళు పట్టాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. చెప్పినా వినరులే అనే పౌరుషంతో నోరు మూసుకున్నాను, ఆ తప్పు నాదే.

ఒక మధ్యాహ్నం పడమర నల్లబడి, వడగళ్ళతో వాన కొట్టింది. నేను వంటింట్లో ఉన్నాను. పడమటి గదిలో బియ్యం మూట జారి పడ్డట్టు చప్పుడైంది. వెళ్ళి చూస్తే చట్రం ఊచలతో సహా లోపలికి వచ్చేసింది. జల్లు లోపలికి కొట్టకుండా రెక్క పట్టుకుని నిలబడ్డ మా అత్త కుడి భుజం దాని కింద ఉంది. జుట్టు నిండా ఎర్రమట్టి. నేను వంగబోతే అరిచింది. "నువ్వు వంగొద్దు! దాన్ని ముట్టుకోవద్దు!" హాల్లో ఆఫీసు పని చేసుకుంటున్న మా ఆయన పరిగెత్తుకొచ్చి లేపారు.

ఆసుపత్రిలో భుజానికి ఆపరేషన్ చేశారు. మెలకువ రాగానే ఆమె అడిగింది చెయ్యి గురించి కాదు. "కిటికీ పెట్టిస్తా ఉండారా?"

"రేపే పెట్టిస్తామమ్మా" అన్నారు మా ఆయన.

"వద్దు. ఇంకా రెండు నెలలుండాది."

నాకు ఒళ్ళు మండింది. "ఇంకా ఏం పోగొట్టుకోవాలత్తా?" అన్నాను.

ఆమె మొహం నా వైపు తిప్పింది. "ఆ కిటికీ పెట్టింది నేను తొలిచూలు కడుపుతో ఉన్నప్పుడేమ్మా. రూములో గాలి ఆడలేదని నేనే పోరి గోడ పగలగొట్టించినాను. ఆ బిడ్డ నిలబడలేదు."

తనకంటే ముందు ఒకరున్నారని మా ఆయనకు అప్పుడే తెలిసింది.

గోడకున్న ఆ ఖాళీకి టార్పాలిన్ కట్టాం, అదీ తాళ్ళతోనే. గాలి వచ్చినప్పుడల్లా అది పొంగి లోపలికి వచ్చేది. ఆ నమ్మకం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అయినా వడ్రంగి పెద్దాయన ఫోన్ చేసి "రమ్మంటారా?" అని అడిగితే, మా ఆయన చేతిలోంచి ఫోను తీసుకుని నేనే చెప్పాను, "పురుడు కానీండి" అని.

పాప పుట్టాక కొత్త కిటికీ వచ్చింది. మా అత్త కుడి చెయ్యి భుజం దాటి లేవదు. పాపకు నీళ్ళు పోసేటప్పుడు ఆమె కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది, నేను పడుకోబెట్టి పోస్తాను. తన మనవరాలిని రెండు చేతులా ఎత్తుకోవడం ఆమెకు ఇప్పటికీ కాదు.