చొప్పరంగు ట్రిగ్గర్

నా చిన్నప్పుడు ఓర్వకల్లు దగ్గరి మా ఊళ్లో ఆడపిల్లలందరూ గచ్చకాయలు ఆడుకుంటుంటే, నేను మా జేజినాయన జర్మనీ పిస్తోలు ముందేసుకుని కూర్చునేదాన్ని. జేజినాయన అంటే మా నాయనకు నాయన. పెద్ద యుద్ధానికి సిపాయిగా పోయి దాన్ని తెచ్చుకున్నాడు. లైసెన్సూ ఉండేది గానీ, అందులో తుపాకి నంబరు రాయలేదు. తూటాలు తీసేసి, ముక్కలుగా విప్పి, దుప్పటి మీద పరిచి చూపించేవాడు. ఆడపిల్లకు ఇదేం ఆటని మా జేజి రుసరుసలాడేది.

విప్పిన చిన్న ముక్కల మీద ఆ తుపాకి నంబరులోని చివరి అంకెలు కొట్టి ఉండేవి, ఒకదాని ముక్క ఇంకోదానిలో కలవకుండా. కిరీటం గుర్తుంటే పాతకాలపుదనీ, గద్ద గుర్తుంటే తర్వాతదనీ చెప్పేవాడు. పాతవాటిలో ట్రిగ్గరు పసుపుగా ఉండేదట, తర్వాత తర్వాత అన్నీ నల్లగా చేశారట. మాదాని మీద గద్దే ఉంది, ఒళ్లంతా నలుపే. ట్రిగ్గరు మాత్రం ఎండిన జొన్నచొప్ప రంగు, దాని మీద అంకెలు కూడా వేరే. యుద్ధంలో ఎవరో పాత తుపాకిది తెచ్చి బిగించారట. మా గొర్రెల మందలో వేరేవాళ్ల గొర్రె కలిస్తే, గుర్తుకోసం చెవికి పెట్టిన కోత చూసి పట్టేవాళ్లం. అందుకే నేను ఆ ట్రిగ్గరుకు ‘పరాయిగొర్రె’ అని పేరు పెట్టాను. జేజినాయన పడీపడీ నవ్వాడు.

ఒకరోజు పొద్దున్నే ఎస్సై మా ఇంటికొచ్చాడు. ముందురోజు ఊరి బయట ఎవరో ఒక రైతును కాల్చారు. ఆయన బతికాడు గానీ కాల్చినవాణ్ణి చూడలేదు. కాల్చిన పిస్తోలు మా పక్కింటి అక్క మొగుడి కొట్టు వెనక చెత్తలో దొరికింది. బీగాలు, కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి ఆయన. ఇనుముతో పనిచేసేవాడు కాబట్టి తుపాకి ఆయనదేనని తేల్చేసి జీపులో కూర్చోబెట్టారు. అక్క చంటిబిడ్డతో మా వాకిట్లో నిలబడి, “ఆయప్ప చీమకైనా హాని చేయడు మామా” అని జేజినాయనతో ఏడుస్తోంది.

ఎస్సై మంచం మీద గుడ్డ విప్పి పిస్తోలు చూపించాడు. “జర్మనీదంట గదా పెద్దాయనా, చూసి చెప్పు. నీది పెట్టెలోనే ఉండాదా?”

జేజినాయన నోరు తెరవకముందే ఆయన చిన్నకొడుకు, మా చిన్నాయన అందుకున్నాడు. “ఉండాది సార్. ఇప్పుడే చూసినా.”

గడపలో నిలబడిన నాకు అక్కణ్ణుంచే చొప్పరంగు కనబడింది. అది మా పరాయిగొర్రే. ఆ రైతుతో చిన్నాయనకు పొలం గట్టు తగాదా ఉందని పిల్లలమైన మాకూ తెలుసు. మహానందికి నన్ను భుజాల మీద మోసుకుపోయిన చిన్నాయన ఆయన.

జేజినాయన పిస్తోలును తిప్పి చూశాడు. ట్రిగ్గరు మీద బొటనవేలు ఆన్చి ఆగిపోయాడు. తర్వాత తలెత్తి నా వంక చూశాడు. నేను కనిపెట్టేశానని ఆయనకు తెలిసిపోయింది.

“నీది కాదు గదా? ఆ మాటొక్కటి చెప్పు, చాలు,” అన్నాడు ఎస్సై. యుద్ధం చేసొచ్చిన మనిషి మాటకు అంత విలువ. కాదంటే మా చిన్నాయన మాకు మిగులుతాడు, అక్క మొగుడు జైలుకు పోతాడు. జేజినాయన పిస్తోలును అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు. ఎస్సైకి విసుగొచ్చి నా వైపు తిరిగాడు. “ఏం పాపా, మీ తాత తుపాకి ఇట్లే ఉంటాదా?”

నేను చిన్నాయన వంక చూశాను.

“బిడ్డను అడగొద్దప్పా!” జేజినాయన అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. “నా తుపాకి సంగతి నేను చెప్తా. ఇది నాదే. ఈ ట్రిగ్గరు నంబరు చూడు, మిగతా వాటితో కలవదు. పెట్టెలో ఉండాదని ఎందుకు చెప్పినాడో నా కొడుకునే అడుగు.”

చిన్నాయన తలెత్తలేదు. జేజి గుండెలు బాదుకుంటూ కూలబడింది. జీపులోంచి అక్క మొగుడు దిగాడు, మా చిన్నాయన ఎక్కాడు.

ఆ తర్వాత జేజి చాన్నాళ్లు జేజినాయనతో మాట్లాడలేదు. కంచం ముందు పెట్టి వెళ్లిపోయేది. నేనే పక్కన కూర్చునేదాన్ని. ఒకసారి ఉండబట్టలేక, ఆరోజు నన్నెందుకు చెప్పనివ్వలేదని అడిగాను.

“నిజం చెప్పినా, అబద్ధం చెప్పినా, బతికినన్నాళ్లూ నువ్వే మోయాల. నేనైతే ఇంకెన్నాళ్లు మోస్తాలే పాపా,” అన్నాడు.

ఇప్పుడు నాకు ఆయన వయసొచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లు కొట్లాడుకుంటూ పిల్లల్ని మధ్యలోకి లాగి, ‘నువ్వు చూశావుగా, చెప్పు’ అని నిలదీస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. నాకు తెలిసింది నేనే ముందు చెప్పేస్తాను. ముసలిదానికి నోరెక్కువ అంటారు. అననీ.