రెండు బాప్తిస్మాలు, ఏ సంఘమూ లేదు

పెళ్ళై పులివెందులకు వచ్చిన మొదటి నెలలోనే తెలిసిపోయింది, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ఉన్న ఆదివారం నేను ఎక్కడ కూర్చున్నా తప్పు చోటేనని. మా ఆయన వాళ్ళ సంఘంలో రొట్టె పళ్ళెం వరసలో చేతులు మారుతూ వస్తుంది. మా అత్త తను తీసుకొని, నన్ను దాటించి అవతలామెకు అందించేది. చేతులు ఏం చేసుకోవాలో తోచేది కాదు. కొంగు సర్దుకునేదాన్ని, బైబిలు తెరిచి మూసేదాన్ని. పెళ్ళి పంక్తిలో కూర్చున్నాక లేపేసినంత అవమానంగా ఉండేది.

నా తప్పల్లా నాది చిలకరింపు బాప్తిస్మం కావడమే. మా సొంతూరు జమ్మలమడుగు. నెలల బిడ్డగా ఆయాసం ముదిరి నేను ఆసుపత్రిలో ఉంటే, రోగుల కోసం ప్రార్థన చేయడానికి వచ్చిన పాస్టరు అయ్యగారి చెయ్యి పట్టుకొని మా అమ్మ, "దీని తలమింద మీ దేవుని నీళ్ళు పొయ్యి సామీ" అని అడిగిందట. అప్పటికి ఆమెకే బాప్తిస్మం లేదు. ఏ సంఘమమ్మా మీది అని ఆయనా అడగలేదు. స్టీలు గ్లాసుతో నీళ్ళు తెప్పించి నా నుదుట చిలకరించాడు. నేను బతికాను. ఆ తర్వాతే అమ్మా నాన్నా బాప్తిస్మం పుచ్చుకున్నారు. జమ్మలమడుగు సంఘం పుస్తకంలో మా ఇంటి నుంచి మొదట ఎక్కిన పేరు నాదే. ఈ సంగతి అమ్మ నోట వినని చుట్టం లేడు.

పులివెందుల పాస్టరుకు ఇదంతా చెప్పాను. మంచి మనిషి, ఓపిగ్గా విన్నాడు. "అది మీయమ్మ విశ్వాసం తల్లీ, నీది కాదు. తెలిసి మునిగితేనే బాప్తిస్మం. మునుగు, సంఘంలో చేరు, బల్ల తీసుకో" అన్నాడు. మధ్యలో నలిగిపోయి మా ఆయనకు విసుగు. "ఒక్క మునక్కు ఇంత ఆలోచనేందే? నిన్నేమన్నా బాయిలో దూకమన్నారా?" అనేవాడు.

మునగడం కష్టం కాదు. మునిగితే ఆ గ్లాసెడు నీళ్ళూ, అమ్మ పట్టుకున్న ఆ చెయ్యీ ఉత్తివని ఒప్పుకున్నట్టే కదా! రెండేళ్ళు ఎటూ తేల్చుకోలేకపోయాను. బల్ల ఆదివారం వస్తోందంటే ముందురోజు నుంచే అన్నం సహించేది కాదు.

అప్పుడు నాకో తెలివి పుట్టింది. అతితెలివి అనాలి. మావాళ్ళెవరికీ తెలియని చోట మునిగి, వాళ్ళిచ్చే బాప్తిస్మం కాగితం తెచ్చి పులివెందులలో చూపిస్తే సరి, అమ్మ చెవిన పడదు అనుకున్నాను. ప్రొద్దుటూరులో నా స్నేహితురాలు వెళ్ళే చిన్న సంఘం ఒకటుంది. పెన్నలో నీళ్ళుండవని మందిరం వెనకే సిమెంటు తొట్టి కట్టించుకున్నారు. మా ఆయన నోట్లో మాట దాగదు కాబట్టి, కమ్మలు అతికించుకొస్తానని ఆయనకు చెప్పి బస్సెక్కాను. స్నేహితురాలి తెల్లచీర కట్టుకొని మునిగాను. లేచేసరికి చప్పట్లు, పాట. నాకు మాత్రం దొంగతనం చేసినట్టుంది. తడి జుట్టు ఆరకముందే ఎర్రగుంట్ల మీదుగా తిరుగు బస్సు పట్టుకున్నాను.

కాగితం చూసి పులివెందుల పాస్టరు సంతోషపడ్డాడు. "బాప్తిస్మం సరే. ఇంగ ఆ సంఘం నుంచి లెటరు పట్రా తల్లీ, ఈమె మా సభ్యురాలు, మీ సంఘానికి పంపుతాండాం అని. అప్పుడు మా పుస్తకంలో రాసుకుంటాం."

మళ్ళీ ప్రొద్దుటూరు. అక్కడి పాస్టరు నోరు తెరిచాడు. "బాప్తిస్మం ఇచ్చినాం. సభ్యత్వం యాడ ఇచ్చినామమ్మా? ఒక్క ఆదివారమన్నా మా ఆరాధనలో కూసున్నావా? ఆర్నెల్లు క్రమంగా రా, పెద్దలు మాట్లాడి రాస్తారు."

బాప్తిస్మం పుచ్చుకుంటే సంఘంలో చేరినట్టేననుకున్నాను. రెండూ వేరని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. బస్సులో ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టి కూర్చోబెట్టాడు. ఆయన్ని పాస్టరుగా వేస్తే బాగుండుననిపించింది.

ఇక మిగిలింది జమ్మలమడుగు. ఏ సంఘం లెటరైనా ఒకటేలే అనుకొని ఒక శనివారం అక్కడికి పోయాను. ఇప్పటి అయ్యగారు నాకన్నా చిన్నవాడు. లెటరు ఎందుకని అడిగితే అబద్ధం నోటికి రాలేదు, తొట్టి సంగతి చెప్పేశాను. "మొదటిది చెల్లదనే కదక్కా రెండోది తీసుకున్నావు? అది చెల్లకపోతే, దాన్ని బట్టి రాసిన పేరు ఎట్ల నిలుస్తాది?" అన్నాడు. పుస్తకం తీసి, స్కేలు పెట్టి నా పేరు మీద గీత గీశాడు.

మర్నాడు బల్ల ఆదివారం, అమ్మతో కలిసి మందిరానికి వెళ్ళాను. అక్కడ వరస వరసగా లేచి వెళ్ళి, ముందు మోకరించి రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటారు. మా వరస వచ్చింది. అమ్మ లేచి నా చెయ్యి లాగింది. "లెయ్యి పాపా." నేను కదల్లేదు. నేను ప్రొద్దుటూరులో మునిగిందీ, ఇక్కడ పేరు కొట్టేసిందీ ఆమె చెవిలో చెప్పాను. తిడుతుందనుకున్నాను. అమ్మ తిరిగి కూర్చుంది.

"నువ్వు పోమ్మా, నీ పేరు ఉంది కదా."

"బిడ్డను ఈడ కూసోబెట్టి నేను పొయ్యి తినొచ్చేదా?"

వెనకవాళ్ళు మా మోకాళ్ళు తప్పించుకుంటూ వెళ్ళారు.

ఆర్నెల్లు ఆదివారాలన్నీ ప్రొద్దుటూరులో కూర్చొని లెటరు సంపాదించాను. అన్నాళ్ళూ జమ్మలమడుగులో అమ్మ కూడా బల్ల ముట్టలేదు. పోయిన నెల పులివెందుల సంఘంలో నా పేరు రాసుకున్నారు. వెంటనే అమ్మకు ఫోను చేశాను. "చేర్చుకున్నారమ్మా. నేను బల్ల తీసుకుంటా, నువ్వూ తీసుకో."

"శానా సంతోషం పాపా. ఆడ నువ్వు తిను. ఈడోళ్ళు నీ పేరు మళ్ళా రాసినప్పుడు నేను తింటా."

ఒక మనిషి పేరు రెండు సంఘాల్లో ఉండకూడదని ఎంత చెప్పినా ఆమె వినలేదు. అయ్యగారు ఇంటికి పోయి బతిమాలినా వినలేదు.

బల్ల ఆదివారం వచ్చింది. మా అత్త పళ్ళెం నా చేతికిచ్చింది. నేను తీసుకున్నాను, తిన్నాను. జమ్మలమడుగులో అమ్మ తినలేదు.