పద్మను కొట్టిన చెయ్యి

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను. దయ్యం పట్టిందని పసిపిల్లలను బాదేవాళ్ళంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. అయినా ఇది నా కళ్ళతో చూసింది కాబట్టి చెబుతున్నాను.

తొంభైల్లో మాట. మాది ధర్మవరం, పట్టుచీరలు నేసే ఇల్లు. మా చెల్లెలు పద్మకు అప్పుడు పదకొండేళ్ళు. అది పట్టుదారాన్ని కండెలకు చుట్టే చురుకు చూసి అవ్వ మురిసిపోయేది. ఒక ఎండాకాలం దానికి గొంతునొప్పి, జ్వరం వచ్చి తగ్గాయి. కొన్ని వారాలకు చేతులు వాటంతటవే మెలికలు తిరగసాగాయి. కండె జారిపోయేది, అన్నం ముద్ద నోటికి చేరేది కాదు. నిద్రపోతే మాత్రం అంతా ఆగిపోయేది.

గాలి సోకిందని వీధంతా తేల్చేసింది. నాయన దాన్ని పెనుకొండ దగ్గర ఒక భూతవైద్యుడి ఇంటికి తీసుకుపోతే నేనూ వెంట వెళ్ళాను. వాడు వేపమండలతో మొదలుపెట్టి చింతబరికె అందుకున్నాడు. అడ్డం పోబోతే నన్ను ఇద్దరు పట్టుకున్నారు. ఆ దెబ్బల చప్పుడు తలచుకుంటే ఇప్పటికీ వాడి పీక నొక్కాలనిపిస్తుంది.

వదిలిపోయే దయ్యం ఎక్కడికి పోతుందో అది పట్టిన మనిషి నోటితోనే చెప్పించడం వాళ్ళ పద్ధతి. చెట్టుకో, బావికో పోతానని ఒప్పుకునేదాకా బరికె ఆగదు.

“చెప్పు, యాడికి పోతావు?” అని వాడు గద్దించాడు.

పద్మ ఏడుపు ఆపేసింది. వాడి కుడిచేతినే చూస్తూ మెల్లగా చెప్పింది. “నీ చేతిలోకి వస్తా.”

వాడు నవ్వాడు గానీ బరికె కింద పెట్టేశాడు.

తర్వాత హిందూపురంలో పిల్లల డాక్టరుకు చూపించాం. గొంతులో చేరిన క్రిములతో పోరాడాల్సిన ఒంటి శక్తి, పొరబడి మెదడు మీదే తిరగబడితే ఇట్లా అవుతుందని చెప్పాడు. జబ్బు తిరగబెట్టకుండా ఏళ్ళ తరబడి పెన్సిలిన్ సూదులు వేయించాం. చేతులు మాత్రం నెలలు తిరిగేసరికే కుదుటపడ్డాయి. పద్మ పెద్దదై మగ్గం ఎక్కింది.

రెండు వేల సంవత్సరం దాటాక హిందూపురం బస్టాండులో మేమిద్దరం బస్సు కోసం నిలబడి ఉంటే ఒక ముసలివాడు దగ్గరికి వచ్చాడు. వాడే. కుడిచెయ్యి అచ్చం అప్పటి పద్మ చెయ్యిలాగే మెలికలు తిరుగుతోంది.

“నువ్వు పోయిన వారానికే పట్టుకుండాది తల్లీ. నిద్రపోతేనే ఆగుతాది. వెనక్కి తీసుకో,” అని ఏడ్చాడు.

పద్మ గొంతు కూడా పెంచలేదు. “దయ్యాలు దించేది నువ్వే గదా సామీ. బరికె తీసుకో, కొట్టుకో,” అని బస్సెక్కింది.

బస్సు కదిలాక వెనక్కి చూశాను. వాడు ఎడమచేత్తో ఆ చేతిని కొడుతూ దాన్నేదో అడుగుతున్నాడు.

ఆ డాక్టరునే అడిగితే, పద్మ జబ్బు ఒకరి నుంచి ఒకరికి పోయేది కాదన్నాడు, వాడిది వేరే నరాల జబ్బేదో అయ్యుంటుందన్నాడు. అయ్యుండొచ్చు. ఆ ఒక్క చేతికే ఎందుకు వచ్చిందో ఆయనా చెప్పలేకపోయాడు, నాకూ ఈరోజుకీ తెలియదు. వాడి మీద జాలి మాత్రం రాలేదు. రాదు.