కొండపల్లి నుంచి సరళ

ఒక మాటను గొంతులో పెట్టుకుని ఇన్నేళ్లు ఎలా తిరిగానో నాకే అర్థం కాదు. తిన్నాను, తిరిగాను, నలుగురిలో నవ్వాను. అది మాత్రం అక్కడే ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. మీరెవరో నాకు తెలియదు. తెలిస్తే చెప్పలేనేమో కూడా. అందుకే మీకు చెబుతున్నాను.

నేను చర్మవ్యాధుల డాక్టరుని. గుణదలలో నా క్లినిక్. మొన్న కొత్తగా వచ్చిన ఒక ఎఫ్ఎం రేడియో నుంచి ఒకతను ఫోన్ చేశాడు. "మేడమ్, మా ప్రోగ్రాముకి వచ్చే డాక్టర్లు మైకు చూడగానే బిగుసుకుపోతున్నారండీ. మంచి గెస్ట్ అంటే ఎలా ఉండాలో మీరొచ్చి ఓ గంట చెప్పాలి. మీకంటే ఎవరున్నారు చెప్పండి బెజవాడలో?" సరేనన్నాను. పొంగిపోయాను కూడా, దాచడమెందుకు! ఏం చెప్పాలో రాసుకుందామని కూర్చున్నాను. మంచినీళ్లు దగ్గర పెట్టుకోవాలి. కాగితం చప్పుడు చేయకూడదు. నవ్వుతూ మాట్లాడితే ఆ నవ్వు గొంతులో వినిపిస్తుంది. ఇంతవరకూ బాగానే రాశాను. ఆ తర్వాత చెయ్యి ఆగిపోయింది. ఇవన్నీ నాకు నేర్పిన రోజు గుర్తొచ్చింది.

తొంభైలలో మాట ఇది. అప్పుడే ప్రాక్టీసు పెట్టాను. రేడియోలో మధ్యాహ్నం పూట ఒక ఆరోగ్య కార్యక్రమం వచ్చేది. శ్రోతలు రాసిన ఉత్తరాలకు డాక్టరు జవాబులు చెప్పాలి. నన్ను పిలిచారు. చిన్నప్పటి నుంచీ నాకు నలుగురి ముందు నోరు పెగలదు. ఎందుకొప్పుకున్నానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఒప్పుకోకపోతే పేరెలా వస్తుంది అని మళ్లీ నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ కార్యక్రమం నడిపే పెద్దాయన మంచివాడు. నా కంగారు చూసి ముందు టీ తెప్పించాడు. తర్వాత అసలు సంగతి మెల్లగా చెప్పాడు. ఉత్తరాలు అనుకున్నన్ని రావు. వచ్చినవాటిలో సగం జుట్టు రాలడం గురించే. అందుకని డాక్టర్లే తలా నాలుగు ప్రశ్నలు అల్లుకుని తెస్తారు. ఏదో ఒక పేరు, ఏదో ఒక ఊరు తగిలిస్తారు. ఊరు పేరు వినపడితే ఆ ఊరివాళ్లు చెవులు రిక్కించి వింటారట. "ఒక్కటి గుర్తుపెట్టుకోండమ్మా, మైకు ముందు మౌనం మాత్రం వద్దు" అన్నాడు.

నేనూ అక్కడే కూర్చుని నాలుగు ప్రశ్నలు అల్లుకుని స్టూడియోలోకి వెళ్లాను. ఎర్ర లైటు వెలిగింది. మూడు ప్రశ్నలు బాగానే గడిచాయి. నాలుగోది ఏమిటో గుర్తు రాలేదు. కాగితం తిప్పితే చప్పుడవుతుందని భయం. ఆయన నవ్వుతూ, "ఇంకో ఉత్తరం ఉన్నట్టుంది, ఎవరండీ రాసింది?" అని అడిగాడు. మౌనం. ఆయన కళ్లు పెద్దవయ్యాయి. నా నోరు దానంతటది తెరుచుకుంది.

"కొండపల్లి నుంచి సరళ."

దానంతటదేనా? ఈ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలదు. ఆ ముందు వారమే సరళ నా క్లినిక్‌కు వచ్చి వెళ్లింది. ఇరవై దాటిన పిల్ల, నడుము పక్కన రూపాయి బిళ్లంత తెల్లమచ్చ. వాళ్ల వదిన వెంటబెట్టుకుని తీసుకొచ్చింది. గుణదలలో మేరీమాతకు దండం పెట్టుకొస్తామని ఇంట్లో చెప్పి వచ్చారు. అమ్మకు కూడా తెలియదని, బొల్లి అంటే వీధంతా గుప్పుమంటుందని, ఆ వదిన తలుపు వైపు చూసుకుంటూ చెప్పింది. నేను ధైర్యం చెప్పి పంపాను. ఇక్కడి మాట ఈ గది దాటి బయటికి పోదమ్మా అన్నాను. అన్నది నేనే.

మైకు ముందు అదంతా చెప్పేశాను. నడుము పక్కన మచ్చ, అమ్మకు కూడా చెప్పుకోలేని బాధ, అన్నీ. ఆ పిల్ల రాసినట్టే, ఆ పిల్ల గొంతుతోనే చెప్పాను. ఆ తర్వాత జవాబు ఎంత చక్కగా వచ్చిందనుకున్నారు! బొల్లి అంటువ్యాధి కాదని, సిగ్గుపడాల్సింది ఏమీ లేదని, గడగడా చెప్పుకుపోయాను. లైటు ఆరిపోయాక పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. అంత మంచి అతిథి ఈ మధ్య రాలేదన్నాడు. బస్సులో ఇంటికొస్తూ ఆ మాటే నెమరేసుకున్నాను. దిగేటప్పుడు తట్టింది, నేను చెప్పినది అసలు పేరని.

ఆ రోజు జరిగింది రికార్డింగే, అది ప్రసారం కావడానికి ఇంకా వారం టైముంది. ఇది మీరు గమనించాలి. నోరు జారడం వరకూ అయితే నన్ను నేను ఎప్పుడో క్షమించుకునేదాన్ని. రెండు రోజులు అన్నం సయించలేదు. కొండపల్లిలో ఎంతమంది సరళలు లేరు అనుకున్నాను. మూడో రోజు రేడియో స్టేషన్‌కు వెళ్లాను, ఆ ముక్క తీసేయమని అడుగుదామని. పెద్దాయన నన్ను చూడగానే పక్కవాళ్లందరినీ పిలిచాడు. ఆ ఉత్తరం ముక్క వల్లే కార్యక్రమానికి ప్రాణం వచ్చిందని వాళ్లకు చెప్పాడు. నేను ఏమన్నానో తెలుసా? ప్రసారం ఎన్ని గంటలకు అని అడిగి వచ్చేశాను.

ఒక్క మాట అంటే చాలు, ఆయన తీసేసేవాడు. ఎందుకు అనలేదు? పేషెంటు సంగతి బయటపెట్టానని తెలిస్తే నన్ను ఏమనుకుంటారోనన్న భయం కొంత. ఆ ముక్క పోతే నా గొప్ప పోతుందన్న బెంగ ఎక్కువ. ఈ రెండోది ఒప్పుకోవడానికి నాకు ఇంతకాలం పట్టింది.

సరళ వాళ్లది బొమ్మలు చేసే ఇల్లు. ఆ వీధిలో అరుగుల మీద కూర్చుని బొమ్మలకు రంగులు వేస్తూ ఉంటారని నాకు తెలుసు. చేతులు పనిలో ఉంటాయి కనక చెవులకు రేడియో ఉండాలని, మధ్యాహ్నం ఏ ఇంట్లో చూసినా అదే మోగుతూ ఉంటుందని నాకు తట్టలేదు. ఆ వీధికి సరళ ఒక్కతే.

కొన్నాళ్లకు ఆ పిల్ల ఒంటరిగా వచ్చింది. కుర్చీలో కూర్చోలేదు.

"మీ ప్రోగ్రాం విన్నామండీ. నేను ఏనుగు అంబారీకి రంగేస్తున్నాను. నా పేరు రాగానే అందరూ నా వంకే చూశారు. మా అమ్మ అయితే, నాకు చెప్పకుండా ఊరికి చెప్పుకున్నావే అని ఒకటే ఏడుపు."

నేను నీళ్లు తాగాను.

"నేను రాయలేదండీ. మా వదినే రాసింది. దానికి తప్ప ఎవరికీ తెలియదు. ఒట్టేస్తోంది రాయలేదని, పిల్లాడి మీద ఒట్టేస్తోంది. ఎలా నమ్మనండీ? ఆ ఉత్తరం మీ దగ్గరుందా? ఒక్కసారి చూపించండి. దాని చేతిరాత నేను గుర్తుపడతాను."

నన్ను అనుమానించలేదు ఆ పిల్ల. ఆ ఆలోచనే రాలేదు. రేడియోకి వచ్చిన ఉత్తరం డాక్టరమ్మ చదివింది, అంతే. అసలు ఉత్తరమే రాలేదమ్మా అంటే చాలు, ఆ వదిన ఒట్టు నిజమైపోయేది. నా నోట ఇంకోటి వచ్చింది.

"ఉత్తరాలు మాకివ్వరమ్మా. చదివాక వాళ్లే చించేస్తారు."

"అయితే అదేనండీ" అంది. అది అంటే ఎవరని నేను అడగలేదు. ఫీజు వద్దన్నాను. దానికి ఆ పిల్ల నాకు దండం పెట్టింది.

ఆ తర్వాత సంగతులు అక్కడి నుంచి వచ్చే పేషెంట్ల నోట ముక్కలు ముక్కలుగా విన్నాను. మచ్చ వేరే డాక్టరు మందుతో తగ్గిందట. సరళకు పెళ్లయింది, సుఖంగానే ఉంది. ఇల్లు మాత్రం రెండయింది. అన్న, వదిన ఇబ్రహీంపట్నంలో వేరు కాపురం పెట్టారు. సరళ పెళ్లికి వదినను పిలవలేదు. సరళ వాళ్ల అమ్మ పోయినప్పుడు వదిన వెళితే గుమ్మంలోనే నిలబెట్టారట. వింటూ నేను మందుచీటీ రాస్తూనే ఉన్నాను. కబురు పంపొచ్చు. బస్సెక్కితే అరగంట దూరం. ప్రతి ఏడూ, ఇప్పుడు చెబితే ఇంతకాలం ఎందుకు చెప్పలేదంటారు అనుకున్నాను. ఆ సాకుకు ప్రతి ఏడూ ఒక ఏడు బలం కలిసొచ్చింది.

ఈలోగా నేను పేరున్న అతిథినయ్యాను. రేడియో, కేబుల్ టీవీ, కాలేజీ సభలు. తడుముకోకుండా మాట్లాడుతుందని పేరు. బొల్లి గురించి నా మాటలు విని ధైర్యం తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు, నిజంగానే ఉన్నారు. వాళ్లను తలుచుకుని ఆ ఇంటితో తూకం వేసుకునేదాన్ని. ఎప్పుడూ సరితూగలేదు.

మొన్న ఆ ఎఫ్ఎం వాళ్ల ఫోన్ వచ్చిన మర్నాడే ఆ వదిన నా క్లినిక్‌కు వచ్చింది. చేతులకు పగుళ్లు. జుట్టు నెరిసింది, గొంతు విని పోల్చుకున్నాను. నా మీద ఏ కోపమూ లేదు. అప్పట్లో మీరు మా ఆడపడుచుని బాగా చూశారండీ, అందుకే మీ దగ్గరికే వచ్చాను అంది. తన బాధ చెప్పబోయి ఆగి, తలుపు వేయమంది. నేను లేచి వేశాను. అప్పుడైనా చెప్పొచ్చు. గదిలో మేమిద్దరమే. పూత మందు రాసి, రాత్రిపూట పట్టించమని చెప్పి పంపాను.

అందుకే ఇది రాస్తున్నాను. పేర్లు మార్చాను, ఆ రోజు చేయాల్సిన పని ఇప్పుడు చేశాను. ఎఫ్ఎం వాళ్లకు రాలేనని చెప్పేశాను. ఇది రాసినంత మాత్రాన ఆ గుమ్మం తెరుచుకోదని తెలుసు. ఇబ్రహీంపట్నం బస్సు ఎక్కుతానో లేదో నాకే నమ్మకం లేదు. కానీ ఒక్కసారి, ఎవరో ఒకరి ముందు, ఈ ముక్క పూర్తిగా అని చూడాలనిపించింది. ఆ వదిన ఎవరికీ చెప్పలేదు. చెప్పింది నేను.